ఇద్దరు రాజులు, ఒక జమ్మిరెమ్మ

పోయిన వారం మిమ్మల్ని అద్దాల గది ముందు నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. ఏం చేయను, పత్రికవాళ్ళు ఇచ్చిన పేజీలు అయిపోయాయి. నిలబడి కాళ్ళు లాగినవాళ్ళు ఇలా కూర్చోండి. ఎక్కడున్నామో ఒక్కసారి చెప్పుకుని లోపలికి వెళదాం.

మాది మాదాపూర్‌లో దుర్గం మల్టీమీడియా. మూడంతస్తుల మేడలో పై అంతస్తు. కిటికీ తెరిస్తే ఎదురుగా కంప్యూటరు కంపెనీల కోసం కడుతున్న ఆ గుండ్రటి భవనం లేస్తూ కనిపిస్తుంది. చూసినందుకు సిమెంటు దుమ్ము మనకు బహుమానం. యజమానులు ఇద్దరు. శివశంకర్‌ది ఇక్కడి ఖాజాగూడే, తాతల నాటి ఊరు. హేమంత్‌ది ప్రొద్దుటూరు, బెంగుళూరులో ప్రోగ్రాములు రాసి రాసి ఇక్కడికొచ్చాడు. ఇద్దరికీ ఒకే అద్దాల గది, ఒకే రకం కుర్చీలు. ఒకడి కుర్చీకి చక్రం విరిగితే రెండోవాడు కూడా కొత్త కుర్చీ తెప్పించుకునేంత సమానత్వం.

లండన్‌లో పిల్లల చదువుల సీడీలు వేసే సంస్థ ఒకటి, ఒక గ్రీకు రాజు జీవితాన్ని కదిలే బొమ్మల కథగా చేసిపెట్టమంది. ఆ కథ రాసేది నేను. పేరు కామేశ్వరరావు. ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. నేను కాగితం మీద రాస్తాను, లావణ్య దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి బొమ్మలకు నడక నేర్పుతుంది. లావణ్య నా పాత విద్యార్థిని. ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా నేనే. ఈ ఒక్క ముక్క బాగా గుర్తు పెట్టుకోండి.

ఇక రాజుగారు. పేరు పిరస్. గ్రీకు దేశపు పడమటి కొండల్లో ఎపైరస్ అనే రాజ్యం, రెండు వేల మూడువందల ఏళ్ళ కిందటి మాట. (పేరులో ఉన్న ఒత్తు పలికినప్పుడల్లా ఆఫీసంతా కర్చీఫులు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. అందుకని ఒత్తు తీసేసి పలకమని మొదటిరోజే ఆర్డరు వేశాను.) రెండేళ్ళ పసివాడుగా ఉండగా తండ్రి సింహాసనం పోయింది. నౌకర్లు ఎత్తుకుని పారిపోయారు. వరదలో ఉన్న ఏటి ఒడ్డున చిక్కుకుని, సాయం చేయమని చెట్టు బెరడు మీద గీకి, రాయికి చుట్టి అవతలి గట్టుకు విసిరారు. చివరికి ఒక పొరుగు రాజు ముందు బిడ్డను దింపితే, వాడు పాకుతూ వెళ్ళి ఆయన వస్త్రం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ పట్టు చూసి ఆయన మనసు కరిగి పెంచుకున్నాడు. పన్నెండేళ్ళకు గద్దె ఎక్కాడు, పదిహేడేళ్ళకు మళ్ళీ పోగొట్టుకున్నాడు. యుద్ధాలు చేశాడు, ఈజిప్టులో బందీగా ఉన్నాడు, అక్కడి రాజుగారి సవతి కూతుర్నే పెళ్ళాడి సైన్యంతో తిరిగొచ్చాడు. వచ్చేసరికి గద్దె మీద బంధువు నియోప్టోలెమస్ కూర్చుని ఉన్నాడు. కత్తి తీయలేదు. ఇద్దరం కలిసి ఏలుదాం అన్నాడు. మా సీడీలో అది పద్నాలుగో సీను.

మా ఆఫీసులో పద్నాలుగో సీను పూర్తయ్యేలోపు దసరా వచ్చింది. మర్నాడు గాంధీ జయంతి. రెండు రోజుల సెలవు తర్వాత శనివారం పొద్దున్నే లండన్ నుంచి ఫ్యాక్సు. బెంగుళూరులో ఎవరో ఇదే కథ చేశామని నిన్న వాళ్ళకు ఈమెయిలు పంపారట. జత చేసిన బొమ్మ మాదే. పిరస్ ఏనుగుల్ని ఓడల మీద ఇటలీకి దాటించే బొమ్మ, లావణ్య ముందుగానే ఇరవై రోజులు కళ్ళు ఎర్రబడేలా కూర్చుని చేసినది. అద్దాల గదిలోని పెద్ద కంప్యూటరు అందరి కంప్యూటర్ల జాతకమూ రాసుకుంటుంది. అది చెప్పిందేమిటంటే, దసరా సాయంత్రం ఆరు నలభైకి మా పని మొత్తం ఒక సీడీ మీదికి ఎక్కింది. ఎక్కించింది లావణ్య కంప్యూటరు. వాడింది లావణ్య పాస్‌వర్డు. హేమంత్ ఆ పిల్లను కింద వాచ్‌మన్ కుర్చీ పక్కన కూర్చోమన్నాడు. ఆమె కంప్యూటర్ ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. సాయంత్రం ఐదింటికి పోలీసు స్టేషన్‌కు వెళ్తామన్నాడు.

పోలీసు స్టేషన్ గడప తొక్కిన ఆడపిల్లకు ఈ మాదాపూర్‌లో ఇంకెవరు ఉద్యోగమిస్తారు? పేరు ఒకసారి పోతే కడుక్కోవడానికి ఏ నీళ్ళూ చాలవు. అదీ పోయిన వారం సంగతి.

నేను అద్దాల గదిలోకి వెళ్ళకుండా ముందు లావణ్య బల్ల దగ్గరికి వెళ్ళాను. ఎందుకంటే ఏమీ తోచక. ఆమె కుర్చీలో కూర్చుంటే ఏదైనా తడుతుందేమోనని ఆశ. అక్కడ ఎల్లమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఎల్లమ్మది గోపన్‌పల్లి, ఆఫీసు ఊడ్చి, టీలు పెట్టి, మా అందరి మీదా పెత్తనం చేస్తుంది. దసరా పొద్దున కంప్యూటర్లన్నిటికీ బొట్లు పెట్టింది ఆమే. పెట్టేచోటు కూడా ఆమే నిర్ణయించింది. కంప్యూటర్ పెట్టెకు ముందువైపు ఆన్ చేసే మీట ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మీద. "గదే గద సారూ దాని నొసలు" అంది అప్పుడు. పదకొండు గంటలకల్లా శివశంకర్ కొబ్బరికాయ కొట్టడం, అందరం తాళం వేసి వెళ్ళిపోవడం అయింది. ఆయుధపూజ నాడు పూజ చేసిన పనిముట్టును ముట్టుకోకూడదు. మళ్ళీ తెరిచింది శనివారమే.

శనివారం పొద్దున మిగతావాళ్ళందరూ మీట నొక్కి వేలికి పసుపూ కుంకుమా అంటించుకుని, జీన్స్ ప్యాంట్లకు తుడుచుకున్నారు. లావణ్య కంప్యూటర్‌ను మాత్రం ముట్టుకోనివ్వలేదు కాబట్టి దాని బొట్టు దానికే ఉంది. గుండ్రంగా, చెదరకుండా ఉంది.

మీట నొక్కితే బొట్టు చెదరాలి. బొట్టు చెదరలేదంటే దసరా నాడు ఈ కంప్యూటర్ ఎవరూ తెరవలేదన్నమాట. పెద్ద కంప్యూటరుది అబద్ధపు జాతకమన్నమాట. కంప్యూటరు శాస్త్రాన్ని కుంకుమబొట్టుతో ఓడించానని చంకలు గుద్దుకోబోయాను.

"సారూ, జర ఆగుండ్రి" అంది ఎల్లమ్మ. చీపురు గోడకు ఆనించి, వంగి, మీట దగ్గరగా చూసింది. "ఇది నేను పెట్టిన బొట్టు కాదు."

"ఎలా చెప్పగలవు?"

"పసుపేది? పసుపు లేకుండ నేను బొట్టు పెడ్తనా? ముందుగాల పసుపు పూసి, దాని మీద కుంకుమ బొటనవేలుతోని అద్దుత. గింత వెడల్పుంటది నాది. ఇది చూడుండ్రి. ఉత్త కుంకుమ. ఉంగరపు వేలితోని సక్కగ దిద్దిండ్రు."

మీట అంచున, పగులులో, సన్నటి పసుపు గీత ఒకటి మిగిలి ఉంది. ఎల్లమ్మ పెట్టిన బొట్టును ఎవరో తుడిచేశారు, పని చూసుకున్నారు, పోతూ పోతూ కొత్తగా పెట్టారు. దొంగతనానికి వచ్చినవాడికి బొట్టుతో ఏం పని? ఆలోచిస్తే తెలిసింది. పండగపూట పూజ చేసిన పనిముట్టును బోసినొసటితో వదిలి వెళ్ళడానికి చేతులు రాలేదు వాళ్ళకు. కన్నం వేసిన చోట దీపం పెట్టిపోయిన రకం.

"సారూ, గిది గూడ" అని ఎల్లమ్మ పెట్టె పైన వేలు చూపింది. అక్కడ చిన్న జమ్మిరెమ్మ, దసరా సాయంత్రం బంగారమని చేతిలో పెట్టి ఇచ్చిపుచ్చుకునేది. వాడిపోయినా ఆకులు రాలలేదు. రెమ్మ చుట్టూ ఒక జొన్నాకు ముక్క, దాని మీద పసుపు దారం, మూడు ముళ్ళు.

"ఇది నువ్వు పెట్టావా?"

"నేను పొద్దుగాలనే పోతి గద. జమ్మి చేతికొచ్చేది పొద్దుగూకంగ. మా గోపన్‌పల్లిల ఉత్త జమ్మే ఇచ్చుకుంటరు. గిట్ల జొన్నాకు చుట్టి ముడేసేది ఖాజాగూడల లింగమూర్తి పటేలు ఒక్కడే. బంగారంతోని వెండి గూడ ఉండాలె అంటడు."

లింగమూర్తి అంటే శివశంకర్ తండ్రి.

రెమ్మను చేతిరుమాల్లో చుట్టుకున్నాను. ఈ సంగతి ఎక్కడా నోరు జారవద్దని ఎల్లమ్మకు చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని అద్దాల గదిలోకి నడిచాను. శివశంకర్ నాకు ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. రోజూ "తిన్నరా సార్" అని అడిగేవాడు. అలాంటివాడి మీద నేను వేలు చూపించబోతున్నాను. చూపించకపోతే కింద కుర్చీలో కూర్చున్న పిల్ల మునిగిపోతుంది.

లోపల ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. బల్ల మీద ఫ్యాక్సు కాగితం, పక్కన నేను రాసిన పద్నాలుగో సీను.

"సార్, మీరేం చెప్పబోతారో నాకు తెలుసు" అన్నాడు హేమంత్. "మీ స్టూడెంటు, మీకు అభిమానం ఉంటాది. కానీ రికార్డు అబద్ధం చెప్పదు సార్."

"ఆఫీసుకు తాళం చెవులు ఎన్నండి?" అన్నాను.

"మూడు. నాదొకటి, శివాదొకటి, ఎల్లమ్మదొకటి. ఆ పిల్ల డూప్లికేట్ చేయించుకుని ఉంటాది. అదెంత పని?"

"పాస్‌వర్డు?"

"ఆ పిల్లదే."

"కీబోర్డు వెనక చీటీ మీద రాసి అతికించి ఉంది. నాబోటివాడికే తెలుసు. సీడీ రాసే యంత్రం ఆఫీసు మొత్తానికీ ఆ ఒక్క కంప్యూటర్‌కే ఉంది. ఎవరు దొంగిలించినా ఆ పిల్ల కుర్చీలోనే కూర్చోవాలండి."

శివశంకర్ నా వైపు తలెత్తాడు. "మరి ఎవరంటరు సార్?"

నేను బొట్టు సంగతి చెప్పాను. ఎల్లమ్మ బొటనవేలు చూపించి సాక్ష్యం చెప్పింది. హేమంత్ లేచి వెళ్ళి తన కళ్ళతో చూసి వచ్చాడు. వచ్చేటప్పుడు ముఖంలో రంగు మారింది. అప్పుడు రుమాలు విప్పి జమ్మిరెమ్మను ఫ్యాక్సు కాగితం మీద పెట్టాను.

కిందనుంచి సిమెంటు కలిపే యంత్రం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

శివశంకర్ రెమ్మను చేతిలోకి తీసుకుని ముళ్ళు లెక్కపెట్టాడు. దాచాలనుకుంటే దాచవచ్చు, మాది కాదనవచ్చు. "మా నాయిన కట్టిందే" అన్నాడు. "మూడు ముళ్ళు. ఇంకెవ్వరు గిట్ల కట్టరు."

"ఈ ఏడాది ఎవరెవరికిచ్చారండి?"

"ఊరోల్లకు. ఇంటోల్లకు. ఆఫీసు నుంచి ఎవ్వరు రాలే, హేమంత్ ఒక్కడే వచ్చిండు. ఐదింటికి జమ్మి అయింది. మా నాయిన హేమంత్‌కు రెండు ఇచ్చిండు. ఒకటి నీకు, ఒకటి మీ అమ్మకు బిడ్డా అన్నడు. ఇద్దరం గుండెలకు అద్దుకొని అలాయ్ బలాయ్ తీస్కున్నం. గంతే."

హేమంత్ జేబులోంచి పర్సు తీశాడు. అందులో వేంకటేశ్వరస్వామి పటం పక్కన జొన్నాకు చుట్టిన రెమ్మ ఉంది. బల్ల మీద పెట్టాడు. "నాది నా దగ్గరే ఉంది. అమ్మది నిన్న బస్సులో ప్రొద్దుటూరికి పంపించినా. శివా, నీది చూపించు."

"మాది దేవునింట్ల ఉన్నది."

"మీ ఇంట్లో బుట్టెడుంటాయి. లెక్కేముంది?"

"అంటే?"

"నేనేమీ అనలేదు. ఖాజాగూడ నుంచి ఇక్కడికి బండి మీద పావుగంట. ఆరు నుంచి ఏడు దాకా నువ్వు యాడున్నావు?"

"గుట్ట కింద చెరువు కట్ట మీద కూసున్న. ఒక్కన్నే."

"ఒక్కడివే" అన్నాడు హేమంత్.

"మరి నువ్వు? ఆరింటికి మా ఇంటి నుంచి పోతివి. ఎటు పోయినవ్?"

"రూముకు. పడుకున్నా. నేనూ ఒక్కణ్ణే."

ఇద్దరి దగ్గరా తాళం చెవులున్నాయి, ఇద్దరి చేతుల్లోనూ జమ్మి పడింది, ఇద్దరికీ సాక్ష్యం లేదు. నా పద్నాలుగో సీను లేచి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. ఎపైరస్ రాజులకు ఒక ఆచారం ఉండేది. ఏటా పాసరాన్ అనే ఊళ్ళో దేవుడికి బలి ఇచ్చి, రాజులు ప్రజలకూ ప్రజలు రాజులకూ చట్టం తప్పమని ప్రమాణాలు చేసుకునేవారు. కానుకలు ఇచ్చిపుచ్చుకునేవారు. ఇద్దరు రాజులూ ఒకే పందిట్లో నవ్వుతూ కూర్చున్నారు. ఆ పండగలోనే నియోప్టోలెమస్ మనిషి ఒకడు పిరస్‌కు రెండు జతల ఎద్దుల్ని కానుకగా ఇచ్చాడు. పిరస్‌కు మద్యం అందించేవాడు అవి నాకివ్వండి ప్రభూ అన్నాడు. రాజు ఇంకెవరికో ఇచ్చేశాడు. వాడి ముఖం మాడింది. ఆ మాడిన ముఖం చూసే, రాజు గిన్నెలో విషం కలుపుతావా అని అవతలివాళ్ళు వాణ్ణి పిలిచారు. వాడు సరేనని, వచ్చి పిరస్ చెవిలో ఊదాడు.

పిరస్ తొందరపడలేదు. ఒక్క సాక్షి చాలడని, ఇంకొకణ్ణి కూడా కుట్రలో చేరినట్టు నటించమని పంపాడు. ఆఖరికి నియోప్టోలెమసే చెల్లెలి ఇంట్లో నోరు జారాడు. ఆ గదిలో మంచం మీద ఒకావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నారు. ఆవిడ అంతా విని మర్నాడు పిరస్ భార్యకు చెప్పింది. తర్వాత ఒక బలి రోజున పిరస్ నియోప్టోలెమస్‌ను భోజనానికి పిలిచాడు. పిలిచి చంపాడు.

హేమంత్ కూడా దాన్నే తలుచుకున్నట్టున్నాడు. పద్నాలుగో సీను కాగితాల మీద వేలు పెట్టాడు. "సార్ రాసిందే కదా. ఇద్దరు రాజులు. పండగనాడు పక్కన కూర్చుని నవ్వినాడు, వెనక విషం కలపమన్నాడు."

"కలపమన్నడని ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు శివశంకర్. గొంతు పెంచలేదు. "బతికినోడు చెప్పిండు. సచ్చినోన్ని ఎవరన్న అడిగిండ్రా? సార్, మీరు చరిత్ర చదివినోల్లు, మీరే చెప్పుండ్రి. గిన్నెల విషం ఎవరన్న చూసిండ్రా?"

ముప్పై ఏళ్ళ పాఠాల్లో ఆ ప్రశ్న ఒక్క విద్యార్థీ అడగలేదు. నేనూ వేసుకోలేదు. విషం గిన్నెలో పడలేదు. ఎవరూ తాగలేదు. సాక్షులందరూ పిరస్ మనుషులే. గద్దె మీద ఇద్దరు పట్టని చోట ఒకడు కుట్రదారుడని తేలడం రెండోవాడికి ఎంత అనుకూలమో, అంత అనుకూలంగా తేలింది.

"చూడలేదండి" అన్నాను.

"మరి? రేపు ఈ ఆఫీసుల హేమంత్ ఒక్కడే ఉంటడు. శివశంకర్ దొంగ అని నలుగురు అనుకుంటరు. సార్ సుత అనుకుంటరు. గంతే గద కథ."

"అదే మాట నేనూ అనచ్చు" అన్నాడు హేమంత్. "రేపు నువ్వొక్కడివే ఉంటావు. బెంగుళూరు నుంచి వచ్చినోడు బెంగుళూరుకే అమ్ముకున్నాడంటారు. జనం నమ్మేదానికి ఇంకేం కావాల?"

పొద్దుట్నుంచీ ఒక అమాయకురాల్ని కాపాడుతున్నానని గర్వపడుతున్నాను. కాపాడిన మాట నిజమే, కానీ ఆ అనుమానాన్ని ఎత్తి ఈ ఇద్దరి మధ్యా పెట్టాను. నిన్నటిదాకా ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తిన్నవాళ్ళు. ఇప్పుడు ఒకరి కళ్ళలోకి ఒకరు చూడటం లేదు.

"ముందు ఆ పిల్ల సంగతి తేల్చండి" అన్నాను. "ఆ పిల్ల ఇల్లు చందానగర్. ఖాజాగూడ ముఖం కూడా చూసి ఉండదు. తాళం చెవి లేదు. ఈ రెమ్మ ఆమె చేతికి వచ్చే దారే లేదు. పోలీసు స్టేషన్‌కు ఎవర్ని తీసుకెళ్తారో మీ ఇష్టం, ఆమెను మాత్రం కాదు."

"సరే సార్" అన్నాడు హేమంత్. "లావణ్య లేదు ఇందులో. ఒప్పుకుంటున్నా."

శివశంకర్ లేచాడు. నడుముకున్న గుత్తిలోంచి ఆఫీసు తాళం చెవి ఒక్కదాన్నే తీసి బల్ల మీద, తన తండ్రి కట్టిన రెమ్మ పక్కన పెట్టాడు. "సోమారం లండనోల్లు వస్తరు. వాళ్ళు పోయేదాంక నేను ఈ గది తొక్క. జమ్మి ముచ్చట ఈ నలుగురి నడుమనే ఉండాలె. మా నాయిన చేతి బంగారం గిట్ల దొంగసాక్ష్యానికి వచ్చిందని ఆయనకు తెలిస్తే ఓర్వడు." గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగాడు. "తిన్నరా సార్?"

అతను మెట్లు దిగిపోయాడు.

ఎల్లమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "గా పొల్ల బతికింది. గీయన సచ్చిండు" అంది నాతో, చీపురు తీసుకుంటూ. "మీ రాజు ఆఖరికి ఎట్ల పోయిండు సారూ?"

"పెంకు తగిలి" అన్నాను. "ఏనుగుల్నీ సైన్యాల్నీ సముద్రం దాటించినవాడు. ఆర్గోస్ అనే ఊళ్ళో సందులో పోరాడుతుంటే, ఒక ముసలమ్మ ఇంటికప్పు మీదనుంచి చూసింది. కింద తన కొడుకును కొట్టబోతున్నాడు. రెండు చేతులా పెంకు ఎత్తి విసిరింది."

"తల్లి గద" అంది ఎల్లమ్మ.

అప్పటికి సాయంత్రం ఐదు కావస్తోంది. నేను వెంటనే కిందికి దిగాను. లావణ్య పొద్దుట్నుంచీ ఆ కుర్చీలోనే ఉంది. టిఫిన్ డబ్బా విప్పను కూడా లేదు. నన్ను చూసి లేచి నిలబడింది.

"అయిపోయిందమ్మా" అన్నాను. "నీ మీద ఏమీ లేదన్నారు. హేమంత్ తన నోటితో ఒప్పుకున్నాడు. సోమవారం మామూలుగా రా."

ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. ఎలా తేలిందని అడగలేదు, ఎవరని అడగలేదు. భయం వల్ల అనుకున్నాను. పొద్దున అడిగినప్పుడూ ఇంతే. దసరా రోజంతా చందానగర్‌లోనే ఉన్నాను సార్, అమ్మకు జ్వరం, గడప దాటలేదు, అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంది.

ఇద్దరం రోడ్డు దాకా నడిచాం. లింగంపల్లి వైపు ఆటో ఒకటి నలుగురు ఎక్కితే కదులుదామని ఆగి ఉంది. అందులో ఇప్పటికే ముగ్గురున్నారు. లావణ్య అక్కడే ఆగి, రోడ్డు మీద, అందరూ చూస్తుండగా నా పాదాలకు దండం పెట్టింది. వద్దమ్మా అంటున్నా వినలేదు.

"డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి ఏ దసరాకూ మీకు బంగారం ఇవ్వకుండా ఉండలేదు సార్" అంది. "ఈసారి ఆలస్యమైపోయింది. ఈరోజు ఇవ్వకుండా ఇంటికి పోలేను."

హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న డైరీ తీసింది. పేజీల మధ్య నలగకుండా దాచినదాన్ని రెండు చేతులా తీసి నా అరచేతిలో పెట్టింది. నేను అలవాటుగా ఎడమ చెయ్యి ఆమె తల మీద ఉంచాను. చల్లగా ఉండమ్మా అన్నాను. అని, అరచేతిలోకి చూసుకున్నాను.

జమ్మిరెమ్మ. చుట్టూ జొన్నాకు. పసుపు దారం. బొటనవేలితో తడిమి చూశాను, మూడు ముళ్ళు.

మేడ మీద అద్దాల గదిలో ఒక తాళం చెవి బల్ల మీద పడి ఉంది. శివశంకర్ బండి ఖాజాగూడ దారిలో ఎక్కడో వెళ్తూ ఉంటుంది. నేను నా చేతులతో అతన్ని పంపించాను. ఆటోవాడు హారన్ కొట్టాడు. లావణ్య ఎక్కి కూర్చుని, కళ్ళు తుడుచుకుని, పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వింది.

"బంగారం బాగుందమ్మా" అన్నాను. "ఎక్కడిది?"

ఆటో కదిలింది. ఆమె తల బయటికి పెట్టి, ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది.

"చందానగర్ మార్కెట్లో కొన్నాను సార్."